జేబులో ఫోన్ దానంతటదే పాట పెడుతుంటే, రీసెట్ కంటే ముందు జాక్‌లోకి చూడండి

మీరు అడిగింది ఇదీ: ఉండేది విజయవాడ, ఫోన్ కొని మూడేళ్లయింది. నెల రోజులుగా జేబులో ఉన్నప్పుడు ఇయర్‌ఫోన్స్ పెట్టకపోయినా పాటలు మొదలవుతున్నాయి. షాపులో వైరస్ అన్నారు, రీసెట్ కొట్టాలన్నారు, అంటే ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేయాలని. కొట్టించమంటారా అని.

దయచేసి ఇప్పుడే కొట్టించకండి. నాకు అచ్చం ఇదే జరిగింది. నేను కొట్టించాను. అప్పుడు పోయింది ఇప్పటికీ తిరిగి రాలేదు.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్లో గుమాస్తాను. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్, యార్డుకి లక్ష టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దాటి వచ్చే రోజులుంటాయి. పొద్దున్నుంచీ చేతిలో పుస్తకం, చెవిలో ఇయర్‌ఫోన్, చొక్కా జేబులో ఫోన్. రైతులు ధర అడగడానికి చేస్తూనే ఉంటారు, ఫోన్ తీసి మాట్లాడే తీరిక ఉండదు. నా ఫోన్‌కి ఇయర్‌ఫోన్ జాక్ పైభాగంలో ఉంది. అంటే జేబులో పెట్టుకుంటే ఆ రంధ్రం నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. ఇది గుర్తుపెట్టుకోండి.

గతేడాది మార్చిలో మా పెదనాన్న పోయారు. తెనాలి దగ్గర ఊళ్లో పెద్దకర్మ. పంతులుగారు మంత్రం చెబుతున్నారు, పెద్దమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. ఉన్నట్టుండి నా జేబులోంచి డ్యాన్స్ పాట, ఫుల్ సౌండ్‌తో. తీసి ఆపాను. నిమిషం తిరక్కుండానే మళ్లీ మొదలైంది. బయటికి పరుగెత్తి స్విచ్ఛాఫ్ చేసి వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దమ్మ మాత్రం తలెత్తి ఒక్కసారి నా వంక చూసి మళ్లీ దించుకుంది.

మర్నాడే గుంటూరులో ఒక షాపులో ఇచ్చాను. ఇక్కడా అదే మాట, వైరస్. రీసెట్ కొట్టి మూడొందలు తీసుకున్నారు. ఇంటికొచ్చి వాట్సాప్ మళ్లీ వేసుకుంటే పాతవేవీ రాలేదు, బ్యాకప్ ఆన్‌లో లేదు. అందులో పెదనాన్న ఆస్పత్రి మంచం మీద నుంచి పంపిన వాయిస్ మెసేజ్‌లు ఉన్నాయి. "ఒరేయ్ నాన్నా, తేజ ఎంత పలుకుతోందిరా" అని అడిగింది కూడా అందులోనే ఉంది. అంత జబ్బులోనూ ఆయనకి తేజ రకం మిర్చి ధరే కావాలి. ఆ గొంతు నా దగ్గర ఇక లేదు. రీసెట్ కొట్టిన మూడో రోజు ఫోన్ మళ్లీ తనంతట తానే పాట పెట్టింది.

ఈసారి ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను, రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న మనిషి. ఆయన సెట్టింగుల జోలికే పోలేదు. జాక్‌లోకి టార్చి కొట్టి, "ఇటు రా, చూడు" అన్నారు. అడుగున ఎర్రగా ఏదో మెత్తగా అణిగి ఉంది. ఫోన్ ఆపేసి సన్న పట్టకారుతో లాగితే పెసరగింజంత ఉండ బయటికొచ్చింది. చొక్కా నూలు పీచు, మిరప దుమ్ము, నా చెమట, మూడూ కలిసి గట్టిపడ్డ ఉండ. వేళ్ల మధ్య నలిపితే ఇద్దరికీ తుమ్ములొచ్చాయి.

అది పాట ఎలా పెడుతుందో ఆయన చెప్పాక, నేనూ కొంత చదువుకున్నాను. మైకు ఉన్న ఇయర్‌ఫోన్ పిన్నుకి నాలుగు భాగాలుంటాయి: ఎడమ చెవి, కుడి చెవి, గ్రౌండ్, మైకు. తీగ మీద ఉండే బటన్ చేసే పనల్లా మైకునీ గ్రౌండ్‌నీ కలపడమే. ఆ రెంటి మధ్య కరెంటుకి ఎంత అడ్డు, అంటే నిరోధం (ఓమ్‌లలో కొలుస్తారు), ఉందో చూసి, ఏ బటన్ నొక్కారో ఫోన్ తేల్చుకుంటుంది. ఆండ్రాయిడ్ లెక్క ప్రకారం 70 ఓమ్‌లు, అంతకంటే తక్కువైతే ప్లే లేదా పాజ్. 210 నుంచి 290 అయితే సౌండ్ పెంచడం, 360 నుంచి 680 అయితే తగ్గించడం. ఇప్పుడు ఆ సందులో ఉప్పు చెమట పీల్చిన దుమ్ము చేరిందనుకోండి, ఫోన్‌కి ఎవరో బటన్ నొక్కినట్టే. తడి పెరిగి తగ్గుతుంటే నిరోధమూ మారుతుంది, అందుకే ఒకసారి పాట, ఒకసారి సౌండ్. వెంటవెంటనే రెండుసార్లు తగిలితే తర్వాతి పాట, కాసేపు అలాగే ఉండిపోతే మాటతో పనిచేసే గూగుల్ అసిస్టెంట్ లాంటిది లేస్తుంది. నా ఫోన్ రింగవగానే తనే కాల్ ఎత్తేసేది, అదీ ఇందుకే.

ఇక్కడ మీకో సందేహం రావాలి. ఇయర్‌ఫోన్ ఉందనుకుంటే పాట అందులోకే పోవాలి కదా, స్పీకర్లో ఎందుకు మోగుతుందీ అని. చాలాసార్లు నిజంగానే మోగదు. పాట నడుస్తూ ఉంటుంది, చప్పుడు ఉండదు. కాల్‌లో అవతలి మాట వినపడదు. కానీ దుమ్ము అంటీ అంటనట్టు ఉంటే, ప్లే నొక్కినట్టు సంకేతం వెళ్లి, పాట మొదలయ్యేలోపే ఇయర్‌ఫోన్ తీసేసినట్టవుతుంది. అప్పుడు స్పీకర్ అందుకుంటుంది. నా ఫోన్‌లో పైన హెడ్‌ఫోన్ గుర్తు మిణుకు మిణుకుమంటూ వచ్చి పోవడం తర్వాత కళ్లారా చూశాను.

మీరూ ముందు చేయాల్సింది అదే. పాట మొదలవగానే కంగారుగా ఆపేయకుండా, స్క్రీన్ పైన చూడండి. ఏమీ గుచ్చకుండానే హెడ్‌ఫోన్ గుర్తు కనపడితే చాలావరకు జాక్‌దే తప్పు. పాత ఇయర్‌ఫోన్ గుచ్చినప్పుడు మాత్రమే అలా చేస్తుంటే పిన్ను మొదట్లో తీగ తెగి ఉంటుంది, లేదా బటన్‌లోకి చెమట దిగి ఉంటుంది. ఇంకొకరి ఇయర్‌ఫోన్ ఒక రోజు వాడి చూస్తే తేలిపోతుంది.

శుభ్రం చేయడం ఇంట్లోనే కుదురుతుంది, ఓపిక కావాలి అంతే. ఫోన్ పూర్తిగా స్విచ్ఛాఫ్ చేయండి. జాక్ ఉన్న వైపు కిందికి తిప్పి పట్టుకోండి, రాలింది బయటికే రాలాలి. పళ్ల సందులు తోముకునే సన్న బ్రష్ మందుల షాపులో దొరుకుతుంది, దాన్ని పొడిగా లోపలికి పోనిచ్చి మెల్లగా తిప్పండి. గుండుసూది, పిన్నీసు వద్దు. లోపల సన్నటి స్ప్రింగ్ రేకులుంటాయి, ఒకటి వంగిందంటే జాకే మార్చాలి. నోటితో ఊదకండి, ఉమ్మి తుంపర పోతుంది. చెమట జిడ్డు పట్టి ఉంటే రిపేర్ వాళ్లు వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బ్రష్‌కి ఒక్క చుక్క అద్దండి. చేతులకి రాసుకునే శానిటైజర్ పనికిరాదు, అందులో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి. తర్వాత ఇయర్‌ఫోన్ పిన్ను పది పన్నెండు సార్లు గుచ్చి తీస్తే రేకులు రుద్దుకుని శుభ్రపడతాయి. రాత్రంతా ఫ్యాన్ కింద వదిలేసి పొద్దున ఆన్ చేయండి. బియ్యంలో పెట్టడం మాత్రం మానండి, ఆ తవుడు పొడి కూడా లోపలికే చేరుతుంది. మీ విజయవాడ ఉక్కపోత సంగతి తెలిసిందే, కృష్ణ పక్కన మే నెలలో చొక్కా ఆరదు. చెమట జేబులోంచి ఫోన్ తీసి ప్యాంటు జేబులోకి మార్చినా సగం పోరు తగ్గుతుంది.

హెడ్‌ఫోన్ గుర్తు అసలు కనపడలేదంటే దారి వేరు. నోటిఫికేషన్లు కిందికి లాగితే ఏ యాప్ పాడుతోందో పేరు కనపడుతుంది. బైక్ మీద, కారులో ఉన్నప్పుడే జరుగుతుంటే బ్లూటూత్ చూడండి. మా బావ కారు స్టార్ట్ చేయగానే ఫోన్ పాట అందుకునేది, తప్పు ఫోన్‌ది కాదు. చాలా కార్ల స్టీరియోలు కనెక్ట్ అవగానే ప్లే అని ఆజ్ఞ పంపుతాయి. బ్లూటూత్ సెట్టింగుల్లో ఆ కారు పేరు మీద నొక్కి మీడియా ఆడియో తీసేశాం, కాల్స్ ఉంచాం, అంతటితో సరి. పెట్టెలో పెట్టకుండా జేబులో వేసుకున్న బ్లూటూత్ బడ్స్ కూడా తాకిడికే పాట పెడతాయి. తడిసిన జేబు గుడ్డ లాక్ స్క్రీన్ మీది ప్లే బటన్‌ని నొక్కడం కూడా ఉంది. రెండుసార్లు తడితే స్క్రీన్ వెలిగే సదుపాయం ఆపేసి, జేబులో ఉన్నప్పుడు తాకిళ్లు పట్టించుకోని పాకెట్ మోడ్ ఉంటే ఆన్ చేయండి.

పాడుతున్న యాప్ పేరే కనపడకుండా ప్రకటనల సంగీతంలాంటిది వస్తుంటే, అప్పుడు మాత్రం ఏదో చెత్త యాప్‌ని అనుమానించాలి. పవర్ మెనూలో పవర్ ఆఫ్ మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మీరు వేసుకున్న యాప్‌లేవీ పనిచేయవు, మీ ఫోటోలు, మెసేజ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి. ఒక పూట అలా ఉంచి చూడండి. పాట రాకపోతే, ఈ గోల మొదలైన రోజుల్లో వేసిన యాప్‌లు ఒక్కొక్కటీ తీసేయండి. ఇక్కడ కూడా రీసెట్ అక్కర్లేదు.

జాక్ శుభ్రం చేసినా గుర్తు వస్తూనే ఉంటే లోపల తుప్పు పట్టి ఉండొచ్చు. అప్పుడు షాపుకి వెళ్లండి, కానీ "మదర్‌బోర్డు" అనగానే తల ఊపకండి. జాక్ కిందివైపు ఉన్న చాలా ఫోన్లలో జాక్, ఛార్జింగ్ పోర్టు కలిసి వేరే చిన్న బోర్డు మీద ఉంటాయి, అది మార్చగలరేమో ముందు అడగండి. ఇచ్చే ముందు ఇంట్లోనే వాట్సాప్ బ్యాకప్ ఆన్ చేసి, పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడే బయల్దేరండి. మీకు కావాల్సిన గొంతు అందులో ఉంటే ఆ మెసేజ్ మీద నొక్కిపట్టి ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కి ఫార్వర్డ్ చేసి పెట్టండి.

ఈ రాత్రి చూసి ఇక్కడే రాయండి: హెడ్‌ఫోన్ గుర్తు వచ్చిందా లేదా, జాక్ పైన ఉందా కింద ఉందా, టార్చి వేస్తే లోపల ఏం కనపడింది. వాటిని బట్టి తర్వాత ఏం చేయాలో చెప్తాను.