తీవ్ర భావాలున్నవాళ్లను ఎన్నికల్లో నిలబడనివ్వాలా? నామినేషన్‌ను అడ్డుకునే దారులు

హన్మకొండ నుంచి వచ్చిన ప్రశ్న ఇది: మతం పేరుతో చిచ్చు పెట్టేవాళ్లను, తుపాకీ రాజకీయాలను మెచ్చుకునేవాళ్లను పోటీ చేయకుండా నిషేధించాలా? వాళ్ల నామినేషన్‌ను మామూలు ఓటరు అడ్డుకోగలడా?

భావాన్ని చూసి నిషేధించొద్దు. చేసిన పనిని చూసి, అది కోర్టులో రుజువయ్యాక, గడువు పెట్టి నిషేధించాలి. ఇక అడ్డుకోవడం సంగతి అంటారా, దారి ఉంది. కానీ చాలామంది చట్టం పట్టు లేని చోట గొడవ చేసి, పట్టున్న చోట గడువు దాటబెడుతున్నారు.

"తీవ్రవాది" అన్న ముద్ర ఎవరు ఎవరికి వేస్తారో మన జిల్లాలు చూసినంతగా చాలా ప్రాంతాలు చూడలేదు. తెలంగాణ సాయుధ పోరాటాన్ని 1951 అక్టోబర్‌లో విరమించారు. హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండటంతో 1952 ఎన్నికల్లో వాళ్లు పీపుల్స్ డెమొక్రటిక్ ఫ్రంట్ పేరుతో దిగారు. వరంగల్ లోక్‌సభ సీటును పెండ్యాల రాఘవరావు గెలిచారు. నల్లగొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. పార్టీని నిషేధించినా మనుషులకు బ్యాలెట్ తలుపు తెరిచే ఉంచారు, అది మంచిదైంది. ములుగు సంగతీ అంతే. ఒకప్పుడు దళంలో తిరిగిన సీతక్క అక్కడ 2009, 2018, 2023లో గెలిచి మంత్రి కూడా అయ్యారు. పాత భావాన్ని చూసి జీవితాంతం నిషేధం పెట్టే చట్టం ఉంటే అడవిలోంచి బయటికి రావడానికి ఒక కారణం తగ్గిపోయేది.

బయటి దేశాల అనుభవం రెండు వైపులా ఉంది. జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 1952లో ఒక నయా నాజీ పార్టీని, 1956లో కమ్యూనిస్టు పార్టీని నిషేధించింది. 2017లో మాత్రం ఇంకో తీవ్ర మితవాద పార్టీ లక్ష్యాలు రాజ్యాంగ విరుద్ధమేనని చెబుతూనే, వాటిని సాధించే బలం దానికి లేదని నిషేధం నిరాకరించింది. థాయ్‌లాండ్‌లో 2023 ఎన్నికల్లో అన్ని పార్టీల కంటే ఎక్కువ సీట్లు గెలిచిన పార్టీని 2024లో కోర్టు రద్దు చేసింది. రాచరికానికి సంబంధించిన చట్టాన్ని సవరిస్తామని చెప్పడమే ఆ పార్టీ చేసిన తప్పు. భావాన్ని కొలిచే తూకం అధికారంలో ఉన్నవాళ్ల చేతికిస్తే జరిగేది ఇదే.

మన దగ్గర ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లోని సెక్షన్ 8 ముఖ్యం. ఏ నేరానికైనా రెండేళ్లు, అంతకంటే ఎక్కువ శిక్ష పడితే శిక్ష పడిన రోజు నుంచీ, విడుదలయ్యాక ఇంకో ఆరేళ్లూ పోటీకి అనర్హత. కొన్ని నేరాలకైతే రెండేళ్ల లెక్క కూడా అక్కర్లేదు, జరిమానా పడినా ఆరేళ్లు బయటే. వర్గాల మధ్య ద్వేషం రెచ్చగొట్టడం (పాత 153ఏ, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 196), ఎన్నికల కోసం అదే పని చేయడం (ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే సెక్షన్ 125), ఊపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కింద నిషేధిత సంస్థలో సభ్యత్వం ఆ జాబితాలో ఉన్నాయి. 2013లో లిలీ థామస్ కేసు తీర్పు వచ్చాక, అప్పీలు వేశామని చెప్పి పదవిలో కొనసాగే వీలు కూడా పోయింది. శిక్ష అమలు ఆపినంత మాత్రాన అనర్హత పోదు, దోషి అన్న నిర్ధారణ మీదే స్టే రావాలి. స్టే ఉత్తర్వు చూపిస్తే మొదటి పేజీతో సరిపెట్టుకోకండి. ఆపింది శిక్షనా, దోష నిర్ధారణనా అన్నది చివరి పేరాలో తేలుతుంది.

కేసు పెండింగ్‌లో ఉంటే ఏ ఆర్వో (రిటర్నింగ్ అధికారి) కూడా నామినేషన్ తిరస్కరించలేడు. చార్జీలు ఖరారైనంత మాత్రాన అనర్హుణ్ణి చేయలేమని, అది పార్లమెంటు చేయాల్సిన చట్టమని 2018లో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ చెప్పింది. ఆర్వోలు అభ్యంతరాలను ఎందుకు ఒప్పుకోరో కూడా తెలుసుకోవాలి. ఒక్క నామినేషన్‌ను తప్పుగా తిరస్కరించారని రుజువైతే చాలు, మొత్తం ఎన్నికే చెల్లదు. తప్పుగా ఆమోదిస్తే అంత తేలిగ్గా చెల్లకుండా పోదు. అందుకే అనుమానం ఉంటే ఆమోదం వైపే మొగ్గుతారు. స్క్రూటినీ (నామినేషన్ల పరిశీలన) గదిలోకి అభ్యర్థి, ఏజెంటు, ఒక ప్రతిపాదకుడు, అభ్యర్థి రాసిచ్చిన ఇంకొకరు మాత్రమే వెళ్లగలరు. ఓటరుగా మీరు చేయగలిగింది ముందే చేయాలి. అభ్యర్థికి శిక్ష పడి ఉంటే తీర్పు సర్టిఫైడ్ కాపీ తెచ్చి ఎవరో ఒక అభ్యర్థి ద్వారా ఇప్పించండి. పేపర్ కటింగులు ఎన్ని తెచ్చినా లెక్కలోకి రావు.

అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌ను శ్రద్ధగా చదవండి. పెండింగ్ కేసుల దగ్గర ఎఫ్ఐఆర్ నంబరు, పోలీస్ స్టేషన్, సెక్షన్లు, చార్జీలు ఖరారయ్యాయా లేదా అన్నవి ఉండాలి. ఖాళీ వదిలితే ఆర్వో గుర్తు చేయాలి, అప్పటికీ నింపకపోతే తిరస్కరించవచ్చు. అబద్ధం రాస్తే అది తిరస్కరణకు కారణం కాదు. కౌంటర్ అఫిడవిట్ ఇవ్వండి, దాన్నీ అందరికీ కనిపించేలా పెడతారు. అబద్ధపు అఫిడవిట్ మీద సెక్షన్ 125ఏ కింద కేసు వేరు. కేసులున్న అభ్యర్థి ఆ వివరాలను ప్రచార సమయంలో మూడుసార్లు పేపర్లో, టీవీలో ప్రకటించాలి. ఎవరూ చదవని పేపర్లో ఓ మూల వేయించారేమో చూడండి.

అసలు కేసులు చచ్చిపోయేది ఇంకోచోట. ద్వేషం రెచ్చగొట్టినందుకు న్యాయ సంహిత 196 కింద ఎఫ్ఐఆర్ అవుతుంది, పేపర్లో వస్తుంది, తర్వాత చప్పుడుండదు. ఎందుకంటే ఆ కేసును కోర్టు విచారణకు తీసుకోవాలంటే బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక సురక్షా సంహిత) సెక్షన్ 217 ప్రకారం ప్రభుత్వం ముందస్తు అనుమతి కావాలి. మాట్లాడినవాడు పాలక పక్షానికి దగ్గరైతే ఆ ఫైలు కదలదు. ఈ అనుమతికి ఒక గడువు పెట్టి, కాదంటే కారణం రాసి ఇవ్వాలన్న నిబంధన తేవాలి. కొత్త నిషేధ చట్టం కంటే ఇది ఎంతో అవసరం. అంతవరకు ఫిర్యాదులోనే ప్రజాప్రాతినిధ్య చట్టం సెక్షన్ 125 కూడా చేర్చమని అడగండి. ముందస్తు అనుమతి కావాల్సిన నేరాల జాబితాలో అది లేదు.

రుజువు విషయంలో ఎక్కువమంది వీడియో దగ్గరే దెబ్బతింటారు. సభలో ప్రసంగాన్ని ఫోన్‌లో తీసి వాట్సాప్‌లో పంపుతారు. అక్కడ వీడియో కుదించుకుపోయి హాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) మారిపోతుంది. కోర్టులో ఫైలుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మీరు, ఒక భాగం నిపుణుడు నింపాలి, హాష్ విలువ రాయాలి. కాబట్టి మొదట తీసిన ఫోన్‌లోని ఫైలును అలాగే ఉంచండి, కట్ చేయొద్దు, పాట కలపొద్దు. రెచ్చగొట్టిన ఒక్క వాక్యమే కాదు, ముందూ వెనకా కూడా ఉండాలి. సీ-విజిల్‌లో (ఉల్లంఘనలపై ఎన్నికల సంఘానికి ఫోన్ నుంచే ఫిర్యాదు చేసే సదుపాయం) అప్పటికప్పుడు తీసిందే తీసుకుంటారు, రెండు నిమిషాలే, గ్యాలరీలోది ఎక్కదు. అధికారుల వీడియో బృందం సభను తీసి ఉంటే ఆ వారంలోనే జిల్లా ఎన్నికల అధికారికి కాపీ కోసం రాయండి.

గెలిచాక మిగిలేది హైకోర్టులో ఎన్నికల పిటిషన్. మతం, కులం, భాష పేరుతో ఓటు అడగడం, ద్వేషం రెచ్చగొట్టడం ఎన్నికల చట్టం దృష్టిలో అవినీతి పద్ధతులు. రుజువైతే ఎన్నిక రద్దు, ఆరేళ్ల వరకు అనర్హత. ఓటరు కూడా వేయొచ్చు. ఫలితం వచ్చిన రోజు నుంచి 45 రోజులే గడువు, ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు లేదు. 2,000 రూపాయల డిపాజిట్ కట్టకపోయినా, ఆరోపణ ఉన్న అభ్యర్థిని ప్రతివాదిగా చేర్చకపోయినా కేసు లోతుల్లోకి వెళ్లకుండానే కొట్టేస్తారు. ఆ ఆరోపణలను బలపరిచే ఫారం 25 అఫిడవిట్ కూడా జతచేయాలి. నామినేషన్‌కు ముందు చేసిన ప్రసంగం ఇక్కడ పనికిరాదు, దానికి 196 దారే. మాట్లాడింది అభ్యర్థి కాక పార్టీ పెద్ద నాయకుడైతే, అభ్యర్థి సమ్మతితోనే మాట్లాడాడని పిటిషన్‌లో స్పష్టంగా రాయాలి. ఆయన పక్కనే వేదిక మీద అభ్యర్థి కూర్చున్న దృశ్యం వీడియోలో ఉంటే దాన్ని వదలొద్దు.