ఫోన్ లాక్కోకు, ముందు విను

అమ్మడూ,

నిన్న నీతో మాట్లాడినప్పటి నుంచి మనసు మనసులో లేదు. "పెద్దమ్మా, వాడి ఫోన్ లాక్కుని బీరువాలో పెట్టేశాను" అన్నావు. 14 ఏళ్ల పిల్లాడు అర్ధరాత్రి దుప్పట్లో ఫోన్ చూస్తుంటే ఏ తల్లికైనా టెన్షనే. కానీ హైస్కూల్లో 30 ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని, ఒక్క సంగతి చెప్తాను.

నేను రిటైరయ్యే ఏడాది పదో తరగతి పిల్లాడొకడు మధ్యాహ్నం అన్నానికి వెళ్లకుండా స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర చొక్కా గుండీ తిప్పుతూ నిలబడ్డాడు. ఎవరో అమ్మాయి పేరుతో ఆన్‌లైన్లో స్నేహం చేసి, వాడి చేత ఫొటో పంపించుకున్నారట. డబ్బివ్వకపోతే అందరికీ పంపుతామని బెదిరింపు. వాళ్ల నాన్న ఫోన్లోంచి 200, 500 చొప్పున మూడు వారాలు కట్టాడు. "ఇంట్లో చెప్పలేదేంరా?" అంటే, "ఫోన్లో ఏ గొడవొచ్చినా పగలగొడతానన్నారు టీచర్" అన్నాడు. సాయంత్రం వాణ్ణి వెంటబెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. ఆ తండ్రి కోప్పడలేదు. "మొదటి రోజే చెప్పకపోయావా నాన్నా" అని గుమ్మంలోనే కూలబడిపోయాడు.

అందుకే ఇవాళ రాత్రి వాడి పక్కన కూర్చుని, "ఏం జరిగినా నాకు చెప్పు, చెప్పినందుకు ఫోన్ తీసుకోను" అని మాటివ్వు. ముందు ఏదో చిన్న విషయం చెప్పి నీ మొహం చూస్తాడు. నీ మొహం మారిందా, పెద్ద విషయం నీ దాకా రాదు.

అలాంటిదే వస్తే రూపాయి కూడా ఇవ్వకండి, ఇచ్చేకొద్దీ అడుగుతారు. మెసేజీలు చెరపకుండా స్క్రీన్‌షాట్లు తీసి, అప్పుడు బ్లాక్ చేయండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, ఆలస్యమైతే దొరకడం కష్టం. పిల్లల కోసమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 ఉంది. 18 ఏళ్ల లోపు వాళ్ల ఫొటోలు బయటికి పోకుండా ఆపడానికి టేక్ ఇట్ డౌన్ అనే ఉచిత సర్వీసుంది. ఫొటో మన ఫోన్ దాటదు, వేలిముద్ర లాంటి దాని డిజిటల్ గుర్తు మాత్రమే వెళ్తుంది.

ఇక రాత్రి పదికి ఫోన్లన్నీ హాల్లో ఛార్జింగ్‌కి పెట్టండి. నీదీ, మీ ఆయనదీ కూడా. మొన్న నేనొచ్చినప్పుడు వాడు క్రికెట్ మ్యాచ్ సంగతి చెప్తుంటే నువ్వు రీల్స్ చూస్తూ ఊ కొట్టావు. సగంలో ఆపేసి లోపలికెళ్లిపోయాడు. నువ్వు గమనించలేదు, నేను చూశాను.

బీరువాలోంచి ఫోన్ తీసి వాడికిచ్చాక నాకొకసారి కాల్ చెయ్యి.

మీ పెద్దమ్మ