సెల్ఫ్ మార్చే ముందు కాస్త ఆగు

శీనూ,

కొత్త స్టార్టర్ మోటార్‌కి ఆర్డర్ పెట్టేస్తున్నానని రాశావు. ఇంకా పెట్టకపోతే ఆగు. పెట్టేసి ఉంటే డబ్బా సీలు విప్పకుండా పక్కన పెట్టు, వెనక్కి పంపాల్సి రావచ్చు. నీది 1966 నాటి ఎంజీబీ, పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. 1967 చివర్లో వచ్చిన మార్క్ 2 మోడల్ నుంచి సెల్ఫ్ రకమే మారిపోయింది, కాబట్టి ఎంజీబీ స్టార్టర్ అని వెతికి మొదట కనబడింది కొన్నావంటే అది నీ బండికి పట్టకపోవచ్చు. దాని సంగతికి తర్వాత వస్తాను. అసలు పోయింది మోటారేనా అన్నది ముందు తేలాలి.

ఇంజన్ వేడి మీద ఉంటే నీరసంగా తిరుగుతోంది, ఒక్కోసారి టక్ అని ఊరుకుంటోంది అన్నావు కదా. మోటార్ అరిగినా అలాగే చేస్తుంది, దానికి కరెంటు సరిగ్గా అందకపోయినా అలాగే చేస్తుంది. నీ కారులో సీట్ల వెనక 6 వోల్ట్‌ల బ్యాటరీలు రెండుంటాయి, రెంటినీ కలుపుతూ ఒక కేబుల్, అక్కడి నుంచి కారు కింది భాగం మొత్తం దాటుకుని ముందున్న సాలినాయిడ్ (కీ తిప్పగానే మోటార్‌కి కరెంటు కలిపే స్విచ్) దాకా ఇంకో కేబుల్, సాలినాయిడ్ నుంచి మోటార్‌కి మరొకటి. ఇన్ని జాయింట్లలో ఏ ఒక్కటి తుప్పు పట్టినా సెల్ఫ్ పోయినట్టే కనిపిస్తుంది. జనం మోటార్ మార్చేస్తారు, మార్చేటప్పుడు టెర్మినళ్లు ఎలాగూ గీకి బిగిస్తారు, బండి స్టార్ట్ అవుతుంది, పాత మోటారే పోయిందనుకుంటారు.

అందుకని మల్టీమీటర్ తీసుకో. ఇంకో మనిషి సాయం కావాలి, ఒకరు కీ తిప్పాలి, ఒకరు మీటర్ పట్టుకోవాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టు, హ్యాండ్‌బ్రేక్ లాగు, చక్రాలకి అడ్డం పెట్టు, ఇంజన్ అంటుకోకుండా ఇగ్నిషన్ కాయిల్ దగ్గర సన్న వైరు పీకి కొసకి టేపు చుట్టు. బండిని కొన్ని గంటలు వదిలేశాక బ్యాటరీలు రెండూ కలిపి 12.6 వోల్ట్‌ల దగ్గర ఉంటే ఫుల్ ఛార్జి ఉన్నట్టు. 12.2 ఉందంటే సగమే ఉంది, ముందు ఛార్జింగ్ పెట్టు, మిగతా పరీక్షలన్నీ ఆ తర్వాతే. ఇప్పుడు సెల్ఫ్ కొడుతూ చూస్తే రెండూ కలిపి 9.6 కంటే కిందికి పడకూడదు. ఒక్కో బ్యాటరీని విడిగా కూడా చూడు, రెంటిలో ఒకటి బలహీనపడితే రెండోది ఎంత కొత్తదైనా లాభం లేదు.

అసలు పరీక్ష ఇప్పుడు వస్తుంది. బ్యాటరీలో కారుకి వెళ్లే లైవ్ పోస్ట్ మీద (నీ కారులో నెగటివ్; కేబుల్ క్లాంప్ మీద కాదు, పోస్ట్ మీదే) మీటర్ ఒక కొస, మోటార్ మీదున్న టెర్మినల్ మీద రెండో కొస పెట్టి సెల్ఫ్ కొట్టించు. అర వోల్ట్ లోపు చూపిస్తే దారి బాగున్నట్టు. ఒకటో రెండో వోల్ట్‌లు చూపిస్తే ఆ వోల్టేజ్ దారిలోనే పోతోంది, ఏ జాయింట్ దగ్గర పోతోందో ఒక్కొక్కటీ దాటుకుంటూ వెతుకు. తర్వాత మోటార్ బాడీకీ, బ్యాటరీ ఎర్త్ పోస్ట్‌కీ మధ్య అదే పని చెయ్యి, ఇక్కడ 0.3 దాటకూడదు. నీది పాజిటివ్ ఎర్త్ కారు, అంటే బ్యాటరీ పాజిటివ్‌ని బాడీకి కలిపి ఉంటుంది, కాబట్టి మీటర్ మైనస్‌లో చూపించొచ్చు, కంగారు పడకు, అంకె చూసుకుంటే చాలు. ఇంజన్‌కీ బాడీకీ మధ్య ఉండే ఎర్త్ పట్టీని మాత్రం కచ్చితంగా చూడు. అది తెగినా, దాని కింద పెయింటూ జిడ్డూ పేరుకున్నా కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది. నాలుగైదుసార్లు సెల్ఫ్ కొట్టాక చోక్ కేబుల్ చేతికి వేడిగా తగిలితే ఇక అనుమానమే అక్కర్లేదు, ఎర్త్ పట్టీయే.

ఇవన్నీ బాగుండి కూడా సెల్ఫ్ నీరసంగా తిరుగుతుంటే అప్పుడు మోటార్ విప్పు.

విప్పే ముందు బ్యాటరీ తీసెయ్యాలి, ముందు ఎర్త్ వైపు. నీ కారులో ఎర్త్ అంటే పాజిటివ్. అలవాటు కొద్దీ ముందు నెగటివ్ మీద పానా పెట్టావంటే, అది బాడీకి తగిలిన క్షణంలో నిప్పులు లేస్తాయి. చేతికి ఉంగరం, వాచీ ఉంటే తీసి జేబులో వేసుకో. కారు కిందికి వెళ్లాల్సి వస్తే స్టాండ్ల మీద నిలబెట్టు, జాకీని నమ్మి దూరకు. మోటార్‌ని పట్టి ఉంచేవి రెండు బోల్టులే, కింద ఉన్నది సులువు, పైది విసిగిస్తుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టి వదిలెయ్యి, పొడుగాటి ఎక్స్‌టెన్షన్ వాడు. చివరి బోల్టు తీసేటప్పుడు కింద చెయ్యి ఆనించి ఉంచు, చూడ్డానికి చిన్నదే గానీ బరువు బాగానే ఉంటుంది.

బయటికి వచ్చాక ఆ కన్నంలోంచి టార్చ్ వేసి ఫ్లైవీల్ (ఇంజన్ వెనకుండే బరువు చక్రం) అంచున ఉండే పళ్ల చట్రం, అదే రింగ్ గేర్, చూడు. న్యూట్రల్‌లో పెట్టి ఇంజన్‌ని చేత్తో మెల్లగా ఒక పూర్తి చుట్టు తిప్పుతూ పళ్లన్నీ చూడాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆగినప్పుడల్లా దాదాపు అవే రెండు చోట్ల ఆగుతుంది, కాబట్టి పళ్లు అరిగేది కూడా ఎదురెదురుగా ఆ రెండు చోట్లే. అంచులు కాస్త మొద్దుబారితే ఫర్వాలేదు. పళ్లు సగానికి తెగిపోయి ఉంటే కొత్త సెల్ఫ్ వేసినా దాని పినియన్‌ని (ఈ పళ్లకి పట్టే చిన్న గేరు) కూడా తినేస్తుంది. రింగ్ గేర్ మార్చాలంటే ఇంజన్ దించాలి, అది వేరే పెద్ద పని, ఇప్పుడు దాని గురించి టెన్షన్ పడకు.

ఇక మోటార్. వెనక భాగం చుట్టూ ఒక రేకు పట్టీ ఉంటుంది, స్క్రూ వదులు చేసి జరిపితే లోపల కార్బన్లు (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) కనిపిస్తాయి. నాలుగుంటాయి. వాటి స్ప్రింగులు పైకెత్తి, వైరు పట్టుకుని లాగి చూడు, గూట్లో ఇరుక్కోకుండా జారాలి. కొత్త కార్బన్ పక్కన పెట్టి చూస్తే ఎంత అరిగిందో కంటికే తెలుస్తుంది. నాలుగింటిలో రెండు ఫీల్డ్ కాయిల్‌కి (మోటార్ గోడ లోపలుండే చుట్ట) అతికి ఉంటాయి. అక్కడ తొందరపడి పాత వైరుని మొదలంటా కోసెయ్యకు, కాయిల్ అల్యూమినియందైతే దాని మీద టంకం నిలవదు. పాత తోకని కొంచెం వదిలి, దానికే కొత్తదాన్ని అతుకు, సన్న ఐరన్‌తో కాదు, బాగా వేడెక్కే పెద్దదానితో.

కమ్యుటేటర్ (కార్బన్లు రాసుకునే రాగి భాగం) నల్లగా ఉంటే సన్న సాండ్‌పేపర్ చాలు. ఎమరీ వద్దు, దాని పొడి గీతల మధ్య ఇరుక్కుంటే షార్ట్ అవుతుంది. ఆర్మేచర్ (మోటార్ లోపల తిరిగే భాగం) ఒంటి మీద ఒకచోట మెరుస్తున్న గీతలు కనిపిస్తే అది లోపల రాసుకుంటోందన్న మాట, అంటే షాఫ్ట్‌ని మోసే బుష్‌లు అరిగి అది పక్కకి వాలింది. వేడి మీద నీరసపడడానికి ఇది బాగా సరిపోయే కారణం, నా అనుమానం కూడా దీని మీదే. కొత్త కంచు బుష్‌లని బిగించే ముందు 24 గంటలు ఇంజన్ ఆయిల్‌లో నానబెట్టు, నూనె పీల్చుకోకపోతే త్వరగా అరిగిపోతాయి.

పినియన్ దగ్గర మాత్రం దీనికి తలకిందులు. నీది ఇనర్షియా రకం, మోటార్ ఒక్కసారిగా తిరిగే ఊపుకి పినియన్ షాఫ్ట్ మీదున్న మర చుట్ల మీద జారి వెళ్లి ఫ్లైవీల్‌కి పడుతుంది. దానికి నూనె గానీ గ్రీజు గానీ రాశావంటే క్లచ్ దుమ్మంతా అంటుకుని బంకలా తయారవుతుంది, మోటార్ జుయ్‌మని ఊరికే తిరుగుతుంది గానీ ఇంజన్ కదలదు. పెట్రోల్‌తో కాకుండా కిరసనాయిల్‌తో కడిగి, ఆరబెట్టి, పొడిగానే బిగించు. ఎప్పుడైనా పినియన్ ఇరుక్కుపోతే మోటార్ వెనక చిన్న మూత కింద షాఫ్ట్ కొస నలుపలకలుగా ఉంటుంది, దానికి పానా వేసి తిప్పితే వదులుతుంది.

బిగించే ముందు వైస్‌లో గట్టిగా పట్టించి జంపర్ కేబుళ్లతో ఒకసారి తిప్పి చూడు. చేత్తో పట్టుకుని మాత్రం చూడకు, ఎగిరి దూకుతుంది.

ఇంత చేసే బదులు కొత్తదే కొనెయ్యొచ్చు కదా అంటావు. ఆర్మేచర్ కాలిపోయినా, కమ్యుటేటర్ మీద లోతుగా గుంటలు పడినా కొను, అప్పుడు నేనూ కాదనను. కార్బన్లూ బుష్‌లే అయితే ఈ పాత మోటార్లు రిపేరు చేసుకోవడానికి వీలుగానే చేశారు, పారేయకు. కొనాల్సే వస్తే రెండు సంగతులు. మార్క్ 2 నుంచి వచ్చింది ప్రీ-ఎంగేజ్డ్ రకం (పినియన్‌ని సాలినాయిడే ముందుకి తోస్తుంది), దాని రింగ్ గేర్ వేరు, కాబట్టి నీ ఫ్లైవీల్‌కి సరిపోయేదే అడుగు. ఇప్పుడందరూ పొగిడే గేర్ రిడక్షన్ స్టార్టర్లు (చిన్న మోటార్ వేగాన్ని గేర్లతో తగ్గించేవి) తేలిగ్గా ఉంటాయి, కరెంటు తక్కువ లాగుతాయి, నిజంగానే మంచివి. కానీ వాటిలో చాలావాటికి లోపల కాయిల్ బదులు పర్మనెంట్ మాగ్నెట్లు ఉంటాయి, పాజిటివ్ ఎర్త్ కారుకి తగిలిస్తే ఎదురు తిరుగుతాయి. నీ పాత మోటార్‌కి ఆ బాధ లేదు, ఎటు కలిపినా ఒకే వైపు తిరుగుతుంది. అందుకే అలాంటిది వెయ్యాలనుకుంటే ముందు కారుని నెగటివ్ ఎర్త్‌కి మార్చుకోవాలి, రేడియో లాంటివి ఏమైనా ఉంటే అవి తట్టుకుంటాయో లేదో చూసుకోవాలి.

మొదటి రోజుల్లో పది సెకన్లకి మించి ఏకబిగిన సెల్ఫ్ కొట్టకు, మధ్యలో అర నిమిషమైనా చల్లారనివ్వు. ఈ ఆదివారం మీటర్ పెట్టి ఆ రెండు అంకెలూ నాకు పంపు, లైవ్ వైపుదీ ఎర్త్ వైపుదీ. అవి చూశాకే ఏం కొనాలో మాట్లాడుకుందాం.

మీ బాబాయి