ఆకు రాలిన అడవిలో ఏ చెట్టు ఏది?

ప్రశ్న: మార్చి వచ్చేసరికి మా పక్క అడవిలో ఆకన్నది ఉండదు. నల్లమద్ది, తెల్లమద్ది, చిరుమాను, తునికి చెట్లను మోడుగా ఉన్నప్పుడు ఎలా పోల్చుకోవాలి?
– ఒక పాఠకుడు, అచ్చంపేట

జవాబు: ఆకు లేకపోయినా బెరడు ఉంది, చెట్టు కింద రాలిన కాయ ఉంది, చెట్టు నిలబడిన చోటుంది. వీటిలో కనీసం రెండు కలిస్తేనే పేరు ఖాయం చేయండి. బెరడు ఒక్కటే చూసి చెప్పబోతే పొరపాటు తప్పదు. ఒకే జాతిలో లేత చెట్టు బెరడు ఒకలా, ముదురు చెట్టుది ఇంకోలా ఉంటుంది.

నల్లమద్ది బెరడు బాగా నల్లగా, నిలువునా అడ్డంగా లోతుగా పగిలి, మొసలి వీపులా పలకలు పలకలుగా ఉంటుంది. కింద వెతికితే అయిదు వెడల్పాటి రెక్కలున్న గట్టి కాయ దొరుకుతుంది, పొడవు 4–5 సెంటీమీటర్లు. నిరుటి ఆకు దొరికితే తిరగేసి చూడండి. మధ్య ఈనె మొదట్లో ఒకటో రెండో చిన్న బుడిపెల్లాంటి గ్రంథులుంటాయి.

తెల్లమద్ది కాయకూ అయిదు రెక్కలే, కాని అవి సన్నగా ఉంటాయి. బెరడు మాత్రం పూర్తిగా వేరు. నున్నగా, బూడిద తెలుపులో, పెద్ద పెద్ద పెచ్చులుగా ఊడుతుంది. పైగా ఇది వాగు ఒడ్డు చెట్టు. ఏరుమద్ది అనడం అందుకే. నీటి జాడ లేని గుట్ట మీద తెల్లమద్ది అనిపించిందంటే ఇంకోసారి చూడండి, అది చాలావరకు చిరుమానే అయి ఉంటుంది. చిరుమాను బెరడు కూడా నున్నగా, తెల్లగానే ఉంటుంది. అయితే పలుచటి పెచ్చులు ఊడిన చోట లోతు లేని గుంటలు మిగులుతాయి. కాయలు విడివిడిగా కాక, సుమారు సెంటీమీటరు గుండ్రటి ముద్దలుగా కొమ్మల్ని అంటుకుని ఉంటాయి. రాలేముందు ఆకులు రాగి ఎరుపుకు తిరుగుతాయి, దూరం నుంచి గుర్తుపట్టడానికి ఆ కొద్ది వారాలే మంచి అదను.

తునికి బెరడూ నల్లగా పలకలు కట్టినదే కాబట్టి నల్లమద్దితో తికమక పడతారు. తునికి పలకలు చిన్నవి, చెట్టూ సాధారణంగా చిన్నదే. కాయకు తొడిమ దగ్గర ముచ్చిక అంటుకునే ఉంటుంది, రెక్కలుండవు.

ఒక మాట. 2024 మార్చిలో పాపికొండల్లో అటవీ సిబ్బంది నల్లమద్ది బుడిపెను కోస్తే నీళ్లు చిమ్మిన వీడియో చాలామంది చూసి ఉంటారు. ఆ నీళ్లు అన్ని మద్దుల్లో ఉండవు. పరీక్షగా గొడ్డలి వేయకండి. గాయం నుంచి పుచ్చు మొదలవుతుంది, రక్షిత అడవిలో అది నేరం కూడా. గుర్తుపట్టడానికి బెరడు గీకాల్సిన పనే లేదు.

ప్రశ్న: రాతి గుట్ట మీద తెల్లగా మెరిసే చెట్టు తపసా, కొండగోగా?
– ఒక పాఠకురాలు, శ్రీశైలం

జవాబు: రెండూ బంకనిచ్చే చెట్లే, రెండింటి ఆకూ చేతివేళ్లలా చీలి ఉంటుంది, రెండూ రాతి నేలవే. కాగితం పొరల్లా ఊడే తెల్లటి నున్నటి బెరడుంటే తపసి. దాని పూలు చిన్నవి. కాయ అయిదు భాగాలుగా నక్షత్రంలా విడి, గుచ్చుకునే నూగుతో ఉంటుంది, చేత్తో పట్టకండి. ఆకు లేని కొమ్మ చివర అరచేయంత పసుపు పూలుంటే కొండగోగు. దాని కాయ పగిలితే విత్తనాలతో పాటు దూది వస్తుంది.

ప్రశ్న: చేను గట్టున అడుగు పడింది. చిరుతా, కుక్కా?
– ఒక రైతు, జన్నారం

జవాబు: ముందు గోళ్లు చూడండి. పిల్లి జాతి నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటుంది. కుక్క, నక్క, దుమ్ములగొండి అడుగుల్లో వేళ్ల ముందు గోటి గుర్తులు పడతాయి. అయితే జారే బురదలో పట్టు కోసం చిరుత కూడా గోళ్లు దించుతుంది కాబట్టి అక్కడితో ఆగకండి. అరికాలి మెత్త వెనుక అంచు చూడండి. చిరుతకైతే మూడు వంపులుగా ఉంటుంది, అడుగు మొత్తం గుండ్రంగా కనిపిస్తుంది. కుక్క అడుగు నిలువు, మధ్య రెండు వేళ్లు ముందుకు పొడుచుకొస్తాయి. దుమ్ములగొండికి ముందుకాలి అడుగు వెనుకకాలి దానికన్నా స్పష్టంగా పెద్దది.

పెద్ద చిరుత అడుగు వెడల్పు సుమారు 7–9 సెంటీమీటర్లు, పెద్ద పులిది 12కు అటూ ఇటూ. పులి పిల్ల అడుగు చిరుతను పోలి ఉంటుంది గనుక కొలత ఒక్కటే నమ్ముకోలేం. మెత్తటి మట్టిలో అంచులు కూలి అడుగు పెద్దదిగా కనిపిస్తుంది. పై అంచుల మధ్య కాక, గుంట అడుగున కొలవండి. ఫొటో తీసేటప్పుడు పక్కన పది రూపాయల నాణెం పెట్టండి, దాని వ్యాసం 27 మిల్లీమీటర్లు. ఫోన్‌ను అడుగుకు సరిగ్గా పైన, నేలకు సమాంతరంగా పట్టుకోండి. ఎండ ఏటవాలుగా పడే పొద్దున పూట గుంటలు బాగా తేలతాయి. ఒక్క అడుగు చాలదు, వరుసగా నాలుగైదు తీసి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు పంపండి. జాడ వెంట పొదల్లోకి వెళ్లకండి.

ప్రశ్న: వానాకాలం చివర టేకు ఆకులన్నీ జల్లెడైపోయాయి. చెట్లు చస్తాయా?
– ఒక పాఠకుడు, ఉట్నూరు

జవాబు: చావవు. ఈనెల మధ్య పచ్చదనాన్ని తిని వల మిగిల్చే పురుగు పని ఇది. వానల మొదట్లో వచ్చే ఇంకో పురుగు లేత ఆకును పెద్ద ఈనెలు తప్ప మొత్తం తినేస్తుంది. తోటలో ఏటా ఇలాగే అయితే చెట్టు ఎదుగుదల తగ్గుతుంది, అంతే. అది టేకేనా అన్న అనుమానముంటే లేత ఆకును వేళ్ల మధ్య నలపండి, ఎర్ర రంగు అంటుకుంటుంది.

ప్రశ్న: దూలగొండి (దురదగొండి) తగిలితే ఏం చేయాలి?
– ఒక ఉపాధ్యాయురాలు, మార్కాపురం

జవాబు: రుద్దకూడదు, రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ముందు అంటుకునే టేపు అద్ది లాగి నూగు తీసేసి, ఆ తర్వాత సబ్బుతో కడగండి. బట్టలు విడిగా ఉతకాలి. కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పిల్లల్ని అడవికి తీసుకెళ్తుంటే నల్లజీడి కాయను కూడా ముందే చూపించండి. నారింజ రంగు గుజ్జు మీద కూర్చున్న నల్ల గింజలోని నూనె ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది.