అప్పుల్లో ఉన్నప్పుడు జాతరకు డబ్బులు తీయడం తప్పా?

మీరు రాసింది చదివాను. ఇంట్లో అప్పులున్నాయి, పిల్లల కోసం రాత్రిపూట అన్నం మానేస్తున్నాను, పండక్కో జాతరకో నాలుగు రూపాయలు తీస్తే అత్తగారు తిడుతున్నారు, ఇది తప్పా అని అడిగారు. జాతర తప్పు కాదు, అన్నం మానేయడమే తప్పు. ఇలాంటి ఇంట్లోనే పెరిగాను కాబట్టి చెప్తున్నా.

మాది పాలమూరు, దేవరకద్ర వైపు. నాయిన గుంపు మేస్త్రి (కూలీలను జమచేసి పనులకు తీసుకుపోయేవాడు) దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె దిక్కు కట్టడం పనులకు పోయేవాడు, ఆ అడ్వాన్సు పాత బాకీలకే సరిపోయేది. అవ్వ (నాయిన తల్లి), అక్క, నేను బతికింది అమ్మ పత్తి ఏరి తెచ్చే కూలి మీద.

కానీ అమ్మ పస్తులుండే రకం కాదు. జొన్నరొట్టెలు ఎన్నయితే అన్ని అందరికీ పంచి, తన వాటా తను పెట్టుకునేది. "నేను పడిపోతే చేన్ల ఎవరు దిగుతరు?" అనేది. తల్లి ఆకలితో పడుకుంటే మనవాళ్ళు తెగ పొగుడుతారు గానీ (పొగిడేవాళ్ళలో మగవాళ్ళే ఎక్కువ), రాత్రి తినని మనిషి తెల్లారి కిలోల లెక్కన పత్తి ఏరలేదు, పిల్లల్ని కసురుకోకుండా ఉండనూ లేదు.

దీపావళి పోయాక మా దిక్కు కురుమూర్తి స్వామి జాతర వస్తుంది. సరిగ్గా పత్తి ఏరే రోజులు, పోతే ఆ రోజు కూలి పోయినట్టే. అయినా అమ్మ ఉప్పు, చింతపండు ఖర్చు రాసుకున్నట్టే జాతర ఖర్చు కూడా రాసుకుని, కూలి వచ్చినప్పుడల్లా కొంత డబ్బాలో వేసేది, మిత్తి కట్టాల్సి వచ్చినా అందులో చెయ్యి పెట్టేది కాదు. నాయినను కూడా ఉద్దాల ఉత్సవం (స్వామి పాదుకల ఊరేగింపు) అయ్యేదాకా పుణె పోనిచ్చేది కాదు. "అప్పులోళ్లకు జాతరలెందుకే" అని అవ్వ సణిగితే "అప్పు ఏడికి పోదత్తా, జాతర పోతది" అనేది.

అన్నీ బాగా జరిగాయని చెప్పను. అక్క చదువు పదితో ఆగింది, అది ఇప్పటికీ బాధే. ఇంటికి ఊపిరి తిరిగింది మాత్రం అమ్మ మహిళా సంఘంలో బ్యాంకు లోన్ తీసుకుని షావుకారి బాకీ తీర్చేశాక. నూటికి నెలకు 3 రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం, మీరు ఒక పూట మానేసి మిగిల్చేది దానికి ఏ మూలకు? మీ అప్పు కూడా బయటిదైతే ముందు సంఘంలో చేరండి, ఇప్పటికే ఉంటే బ్యాంకు లింకేజీ (సంఘానికి బ్యాంకు ఇచ్చే లోన్) గురించి, మహిళా సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి గురించి గ్రామ సంఘంలో అడగండి.

జాతరకు మీ అత్తగారిని కూడా తీసుకుపోండి. మా అవ్వ ఏడాదంతా సణిగేది, కురుమూర్తి పోయే ప్యాసింజర్ బండి రాగానే సీటు కోసం అందరికంటే ముందు ఎక్కేది ఆమెనే.