చదువే ముంచిన రాకుమారుడు

తమ్ముడూ,

నీ నవల మొదటి మూడు అధ్యాయాలు చదివాను. భాష బాగుంది. కథానాయకుడు మాత్రం ఇంకా ప్రాణం పోసుకోలేదు. బాగా చదువుకున్న మంచివాణ్ణి చుట్టూ ఉన్న చెడ్డవాళ్లు నాశనం చేస్తే పాపం అనిపిస్తుంది, అంతే. ట్రాజెడీలో మనిషిని అతని గొప్పతనమే ముంచాలి.

హామ్లెట్ నాటకం ఇంకోసారి చదువు. ఈసారి అతన్ని ఒక విద్యార్థిగా చూడు. 1600 ప్రాంతంలో షేక్‌స్పియర్ సృష్టించిన ఈ డెన్మార్క్ రాకుమారుడు విటెన్‌బర్గ్‌లో చదువుకున్నాడు. 1517లో మార్టిన్ లూథర్ అనే క్రైస్తవ సన్యాసి చర్చిని ప్రశ్నించిన యూనివర్సిటీ అది. అంతకుముందే, 1486లో, పీకో డెల్లా మిరాండోలా అనే ఇటలీ యువకుడు మనిషి పశువు స్థాయికి దిగజారనూగలడు, దైవత్వానికి ఎదగనూగలడు, ఎంపిక అతని చేతిలోనే ఉంది అని రాశాడు. చదువు మనిషిని ఉన్నతుణ్ణి చేస్తుందనుకున్న పునరుజ్జీవన కాలపు పండితుల, అంటే హ్యూమనిస్టుల, నమ్మకం ఇదే. హామ్లెట్ కూడా రెండో అంకంలో మనిషిని దేవదూతతో, దేవుడితో పోలుస్తాడు. వెంటనే, తనకు మాత్రం మనిషి ధూళి సారమేనంటాడు. అందరూ ఉదహరించే ప్రసంగం ఇది. నువ్వు ఆగాల్సింది ఇంకో రెండు చోట్ల.

మొదటి అంకం ఐదో దృశ్యంలో తండ్రి ఆత్మ, తనను చంపి రాజైన తమ్ముడి మీద పగ తీర్చుకోమని చెప్పి మాయమవుతుంది. పుస్తకాల్లోంచి ఎక్కించుకున్న సూక్తులన్నీ మనసులోంచి తుడిచేస్తాను, నీ ఆజ్ఞ ఒక్కటే మిగుల్చుకుంటాను అంటాడు హామ్లెట్. అని నాలుగు పంక్తులైనా దాటకముందే జేబు పుస్తకం తీసి రాసుకుంటాడు: నవ్వుతూ నవ్వుతూనే ఒకడు దుర్మార్గుడు కావచ్చునని! మంచి మాట కనబడితే నోట్‌బుక్‌లో రాసుకోవాలని ఎరాస్మస్ లాంటి హ్యూమనిస్టు పండితులు ఆ కాలం పిల్లలకు చేసిన అలవాటు అది. కత్తి మీదికి పోవాల్సిన చెయ్యి కలం మీదికి పోయింది.

రెండోది ఐదో అంకంలో. ఇంగ్లండ్ వెళ్లే ఓడలో, తనను చంపించమని ఆ రాజు రాసిన ఉత్తరం హామ్లెట్‌కు దొరుకుతుంది. దాన్ని తీసేసి, దాన్ని తీసుకెళ్తున్న తన చిన్ననాటి స్నేహితులిద్దరినే చంపమని ఇంకోటి రాసిపెడతాడు. గుండ్రని దస్తూరి నామోషీ అనుకుని మరిచిపోవాలని చూశాననీ, ఆ రాత్రి అదే అక్కరకొచ్చిందనీ తన ఆప్తమిత్రుడు హొరేషియోతో చెబుతాడు. రాజుల మర్యాద భాష, ఉపమానాలు, చివర తండ్రి ముద్ర, అన్నీ చక్కగా కుదిరాయి. ఆ స్నేహితులిద్దరూ చచ్చారు. వాళ్ల చావు నా మనస్సాక్షిని తాకదంటాడు. మనిషిని ఉన్నతుణ్ణి చెయ్యాల్సిన చదువంతా ఆ ఒక్క కాగితంలోకి వచ్చి కూర్చుంది. స్మశానంలో పుర్రెతో మాట్లాడే సీన్ కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే.

నీ కథానాయకుడు, ఆ లెక్చరర్, ఏం చదివాడో మూడు పేజీలు రాశావు. ఆ చదువు అతని చేత ఏం చేయిస్తుందో ఎక్కడా లేదు. రెండో అధ్యాయంలో బావమరిది ఆస్తి తగాదాకు అర్జీ రాసిపెట్టమంటాడు కదా, దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు. నీ నవల అక్కడే ఉంది. ఆ అర్జీ అతని చేత మొత్తం రాయించు. అతని మంచి తెలుగు, తర్కం, న్యాయం మీద ప్రేమ అన్నీ అందులో ఉండాలి. దానివల్లే ఒక అమాయకురాలి ఇల్లు పోవాలి, పోతుందని రాసేటప్పుడే అతనికి తెలియాలి.

ఆ అధ్యాయం తిరగరాసి పంపు. ప్రసంగాల పేజీల్లో ఏవి తీసెయ్యాలో అప్పుడు నీకే కనబడుతుంది.

ఆశీస్సులతో,
అన్నయ్య