పాత లారీ ఇంజన్ ఆయిల్ గురించి రాయబోతున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం చిత్తుప్రతి అందింది. తాతగారి నాటి టాటా మెర్సిడెస్-బెంజ్ లారీని మళ్లీ రోడ్డెక్కించే ప్రయత్నంలో ఉన్నావు కాబట్టి, అలాంటి బండి ఇంజన్ ఆయిల్ ఏ స్థితిలో ఉందో ఎలా తెలుసుకోవాలన్న విషయం మీద రాయాలనుకోవడం సహజమే. అయితే వ్యాసంలోని మొదటి వాక్యాన్నే కొట్టేయమని చెప్పవలసి వస్తున్నందుకు ఏమీ అనుకోకు. "డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) మీద ఆయిల్ నల్లగా కనిపిస్తే అది చెడిపోయినట్టే" అని రాశావు. డీజిల్ ఇంజన్ విషయంలో ఆ మాట నిలబడదు. డీజిల్ మండినప్పుడు పుట్టే మసిలో కొంత భాగం పిస్టన్ రింగులను దాటి కిందికి దిగి ఆయిల్‌లో కలుస్తుంది. ఆ మసి ముద్ద కట్టి అడుగున పేరుకోకుండా, అతి సన్నని రేణువులుగా ఆయిల్‌లోనే తేలుతూ ఉండేలా చూడటం కోసమే అందులో డిటర్జెంట్, డిస్పర్సెంట్ రసాయనాలు కలుపుతారు. మార్చేటప్పుడు ఎంత పూర్తిగా దించినా పాత ఆయిల్ కొంత లోపల మిగిలే ఉంటుంది కనుక, కొత్త ఆయిల్ పోసిన కొన్ని గంటల నడకకే నల్లబడటం మామూలు సంగతి. నిజానికి ఆ నలుపు ఆయిల్ తన పని తాను చేస్తోందనడానికి గుర్తు. డిటర్జెంట్ లేని పాత రకం ఆయిల్ పోసిన ఇంజన్లలో దీనికి విరుద్ధంగా జరిగేది: పైకి ఆయిల్ తేటగా కనిపించేది, మడ్డి మాత్రం చాంబర్ (ఇంజన్ కింద ఆయిల్ నిలిచే తొట్టి) అడుగున దట్టంగా పేరుకునేది.

రంగు ఏమీ చెప్పదని కాదు, రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదని నా ఉద్దేశం. ఆయిల్ స్థితి ఒక చూపులో తేలే విషయం కాదు. అదే ఇంజన్ ఆయిల్ నిన్న ఎలా ఉంది, ఈ రోజు ఎలా ఉంది, అదే గ్రేడు కొత్త ఆయిల్ పక్కన పెడితే ఎలా ఉంది అన్న పోలికలోనే అది తెలుస్తుంది. నీ వ్యాసమంతా ఈ పోలిక చుట్టూ తిరగాలి.

కాబట్టి "పాత లారీలు" అన్న విశాలమైన మాటను వదిలిపెట్టి, ఏ లారీ, ఏ ఇంజన్, ఏ కాలం అన్నది మొదటే చెప్పు. టెల్కో సంస్థ (ఇప్పటి టాటా మోటార్స్) జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో 1954లో కుదుర్చుకున్న ఒప్పందం 1969లో ముగిసింది; ముందు భాగంలో మూడు మొనల నక్షత్రం ఉన్న లారీలు ఆ పదిహేనేళ్లలోవి. వాటిలో 312 మోడల్‌లోని ఆరు సిలిండర్ల, సుమారు 4.6 లీటర్ల ఇంజన్‌లో డీజిల్ నేరుగా సిలిండర్‌లో కాకుండా ముందుగా ఒక చిన్న గదిలో అంటుకుంటుంది. ఇలాంటి వివరాలు అలంకారం కోసం కాదు. ఆ బండి పుస్తకంలో ఆయిల్ మార్చడానికి ఇచ్చిన కిలోమీటర్ల లెక్క ఆనాటి డీజిల్‌కూ, ఆనాటి ఆయిల్‌కూ సరిపోయిన లెక్క. అప్పటి డీజిల్‌లో గంధకం బరువులో ఒక శాతం దాకా ఉండేది. అది మండి ఆమ్లంగా మారి బేరింగులను, సిలిండర్ గోడలను తినేసేది కాబట్టి, ఆ ఆమ్లాన్ని విరిచే శక్తి ఆయిల్‌లో తరిగిపోకముందే మార్చేయమనేవారు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు పది పాళ్లను మించదు. అలాగని పాత గడువును ఇష్టం వచ్చినట్టు పెంచుకోవచ్చని నువ్వు రాయకూడదు. ఎందుకంటే, నెలకు ఒకసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు తిప్పి ఆపేసే బండిలో ఆయిల్‌ను పాడుచేసేవి కిలోమీటర్లు కావు. లోపల చెమ్మగిల్లే నీరు, ఆవిరి కాకుండా మిగిలిపోయే డీజిల్, గడిచే నెలలు. అలాంటి బండికి తిరిగిన దూరంతో నిమిత్తం లేకుండా ఏడాదికి ఒకసారైనా మార్చమని చెప్పడం క్షేమం.

డిప్‌స్టిక్ చూసే పద్ధతిని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు. అక్కడే ఎక్కువసేపు నిలబడాలి. బండి సమతలమైన నేల మీద ఉండాలనీ, ఇంజన్ ఆపిన తర్వాత ఆయిల్ కిందికి దిగేందుకు ఐదు పది నిమిషాలు ఆగాలనీ, కడ్డీని ఒకసారి తుడిచి మళ్లీ ముంచి తీయాలనీ చాలామందికి తెలుసు. కానీ మట్టం తగ్గినప్పుడు కంగారుపడేవాళ్లు పెరిగినప్పుడు సంతోషించడం నేను షెడ్లలో చాలాసార్లు చూశాను. అరిగిన పాత ఇంజన్ కొంత ఆయిల్ తాగడం సహజం. పొయ్యకుండానే మట్టం పెరిగితే మాత్రం లోపల చేరకూడనిది ఏదో చేరుతోందని అర్థం, అది డీజిల్ కావచ్చు, నీరు కావచ్చు.

డీజిల్ చేరితే ఆయిల్ పలచబడుతుంది, కడ్డీ కొస నుంచి చుక్క త్వరగా జారిపోతుంది, వేడి మీద ప్రెషర్ గేజ్ ముల్లు మామూలు కంటే కిందికి దిగుతుంది. డీజిల్‌ను తుంపరగా చిమ్మకుండా ధారగా కార్చే నాజిల్, సరిగా మండని సిలిండర్, కొన్ని ఇంజన్లలో డీజిల్ ఫీడ్ పంపు లీకు, ఇవి సాధారణ కారణాలు. వాసన చూసి చెప్పవచ్చని మేస్త్రీలు అంటారు. కొంతవరకు నిజమే కానీ, ఇరవై ఏళ్లుగా డీజిల్ మధ్యే బతికిన ముక్కు చెప్పే సాక్ష్యాన్ని పాఠకుడి ముక్కుకు అప్పగించలేం. అంతకంటే మంచి పద్ధతి ఒకటి ఉంది. ఒక గాజు పలకను ఏటవాలుగా పెట్టి, అదే గ్రేడు కొత్త ఆయిల్ చుక్కనూ ఇంజన్ ఆయిల్ చుక్కనూ పక్కపక్కనే జారవిడవాలి. రెండూ ఒకే వేడిమిలో ఉండాలన్నదే ఇందులో ముఖ్యమైన షరతు. ఇంజన్ చుక్క స్పష్టంగా ముందుకు పరుగెడితే డీజిల్‌ను అనుమానించాలి, బాగా వెనకబడితే మసి ఎక్కువైందనో, వేడికి ఆయిల్ ముదిరిపోయిందనో అనుమానించాలి. "అనుమానించాలి" అనే రాయి, "రుజువైంది" అని రాయకు. మసి చిక్కబరిచిన ఆయిల్‌ను డీజిల్ పలచబరిస్తే రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని చుక్క మామూలుగానే జారే అవకాశం ఉంది.

నీటి విషయంలో కూడా తొందరపాటు పనికిరాదు. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలివైపు పాలెక్కువైన కాఫీ రంగులో నురగ లాంటిది అంటుకుని ఉంటుంది, చూసినవాడు వెంటనే "హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ల పైభాగమైన హెడ్డు కింద ఉండే సీలు) పోయింది" అంటాడు. కాస్త దూరమైనా తిరగని బండిలో, ముఖ్యంగా చలికాలంలో, ఆ మూత కింద చెమ్మ చేరి అలా కనిపించడం సర్వసాధారణం. బండిని బాగా వేడెక్కేలా నడిపిన తర్వాత అది మాయమైతే, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే, రేడియేటర్‌లో నీటి మట్టం తగ్గకుండా ఉంటే, గ్యాస్కెట్ మీద నింద వేయడానికి ఆధారం లేదు. చాంబర్ నుంచి తీసిన ఆయిలే కాఫీ రంగులోకి మారి, రేడియేటర్‌లో నీరు పదే పదే పోయవలసి వస్తుంటే అప్పుడు గ్యాస్కెట్టో, హెడ్డో, కొన్ని ఇంజన్లలో సిలిండర్ లైనర్ అడుగు రింగో చూసుకోవలసిందే. రాత్రంతా కదలకుండా ఉన్న బండి కింద, ఉదయాన్నే, ఇంజన్ తిప్పకముందే డ్రెయిన్ నట్టును కొద్దిగా వదులు చేస్తే, బరువైన నీరు అడుగున చేరి ఉంటుంది కాబట్టి ముందుగా అదే బొట్లు బొట్లుగా వస్తుంది. ఖర్చు లేని ఈ పరీక్ష నీ వ్యాసంలో లేకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించింది.

వేడి పెనం పరీక్షను రాశావు గానీ జాగ్రత్తలు రాయలేదు. నీరు మరిగే వేడి కంటే బాగా ఎక్కువగా, సుమారు 150 డిగ్రీల దగ్గర ఉన్న రేకు మీద ఒక్క చుక్క వేస్తే, అందులో నీరు వెయ్యింట ఒక పాలు ఉన్నా చిటపటమంటుంది. కానీ ఆయిల్‌లో డీజిల్ కలిసి ఉంటే మంట అంటుకునే ప్రమాదం ఉంది కనుక మంట మీద కాకుండా ఎలక్ట్రిక్ పొయ్యి మీద, ఆరుబయట, కళ్లద్దాలు పెట్టుకుని చేయాలని తప్పక చేర్చు.

ఇక వేళ్ల మధ్య రుద్ది చూడటం. గరుకుగా తగిలితే ఆయిల్‌లో ఇసుకో ఇనుమో ఉన్నట్టే, అందులో సందేహం లేదు. నునుపుగా తగిలితే మాత్రం ఏమీ లేనట్టు కాదు. మన కంటికీ వేలికీ అందే అతి చిన్న రేణువు పరిమాణం సుమారు 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). నడుస్తున్న బేరింగులో ఆయిల్ పొర మందం అంతకంటే చాలా తక్కువ. అంటే బేరింగును గీయగల రేణువుల్లో అధిక భాగం వేలికి దొరకవు. పైగా ఆ తరం ఇంజన్లు చాలావాటిలో ఫిల్టర్ గుండా ఆయిల్ అంతా వెళ్లదు, కొద్ది భాగం మాత్రమే పక్కదారిన వడకట్టబడి వస్తుంది. అందువల్ల ఆయిల్ దించినప్పుడు గిన్నె అడుగున మిగిలిన మడ్డిని అయస్కాంతంతో కలిపి చూడమని చెప్పు. అంటుకునేది ఇనుము, ఉక్కు. అంటుకోకుండా రాగి రంగులో మెరిసే పొడి కనిపిస్తే బేరింగో బుష్షో అరుగుతున్నట్టు.

నాకు ఇష్టమైన పరీక్ష కాగితం మీది చుక్క. ప్రయోగశాలల్లో వాడే వడపోత కాగితం మీద, వేడిగా ఉన్న ఇంజన్ నుంచి తీసిన ఒక్క చుక్క వేసి, కాగితం కింద ఏదీ తగలకుండా గాలిలో ఉండేలా పెట్టి, రాత్రంతా వదిలేయాలి. మసి మధ్య నుంచి అంచు దాకా మెల్లగా పలచబడుతూ విస్తరిస్తే డిస్పర్సెంట్ ఇంకా పనిచేస్తున్నట్టు. మధ్యలో నల్లటి గుండ్రని మచ్చ ముదురు అంచుతో నిలిచిపోయి, చుట్టూ తేట ఆయిల్ మాత్రమే పాకితే, మసిని మోసే శక్తి అయిపోయినట్టు, ఇక మార్చాలి. ఈ కాగితాల మీద తేదీ, కిలోమీటర్ల మీటరు అంకె రాసి దాచుకున్న డ్రైవరుకు ఏడాది తిరిగేసరికి తన ఇంజన్ చరిత్ర చేతిలో ఉంటుంది. ఫొటోలు వేయదలిస్తే డిప్‌స్టిక్ ఫొటోలు తగ్గించి, వరుసగా పెట్టిన ఈ కాగితాల ఫొటో వెయ్యి. వెలుతురును బట్టి మారిపోయే రంగు కంటే మచ్చ ఆకారం నమ్మదగిన సాక్షి.

ఆమ్లాన్ని విరిచే శక్తి ఎంత మిగిలిందో, ఇనుము, రాగి, సీసం ఎన్ని పాళ్లు ఉన్నాయో కాగితం చెప్పలేదు. దానికి ప్రయోగశాల కావాలి. అక్కడి నివేదికను పాఠకుడికి చదవడం నేర్పు. ఉదాహరణకు, 40 గ్రేడు ఆయిల్ చిక్కదనం 100 డిగ్రీల వద్ద 12.5 నుంచి 16.3 సెంటిస్టోకుల మధ్య ఉండాలి. దాని కంటే కిందికి పడితే డీజిల్ ఎక్కడిదో వెతకాలి. సిలికాన్, ఇనుము కలిసి పెరిగితే దుమ్ము లోపలికి పోతోందని అనుమానించి ఎయిర్ క్లీనర్, దాని గొట్టాల బిగింపు చూడాలి. ఒక్క నివేదికలోని అంకెలను చూసి బెదిరిపోవద్దనీ, రెండో నివేదికతో పోల్చినప్పుడే వాటికి అర్థం వస్తుందనీ రాయి.

పాత లారీ కొనేవాళ్ల కోసం ఒక పేరా చేర్చు. అమ్మకానికి పెట్టిన బండి డిప్‌స్టిక్ మీద తేనె రంగు ఆయిల్ మెరిస్తే తెలిసేది ఒక్కటే, అది ఈ మధ్యనే మార్చారని. బేరింగులు అరిగిన ఇంజన్‌లో మరింత చిక్కటి ఆయిల్ పోసి ప్రెషర్ గేజ్‌ను నిలబెట్టడం బేరగాళ్లకు కొత్త విద్య కాదు. బండి పూర్తిగా వేడెక్కేదాకా నడిపించి, ఐడిలింగ్‌లో ముల్లు ఎక్కడ నిలుస్తుందో చూడాలి. ఆయిల్ పోసే మూత తీసి బ్యాక్ కంప్రెషన్, అంటే పిస్టన్ రింగులను దాటి వచ్చే పొగ, ఎంత ఉందో గమనించాలి.

నువ్వు ఉటంకించిన మేస్త్రీ మాట ఒకటుంది: పాత ఇంజన్‌లో డిటర్జెంట్ ఆయిల్ పోస్తే మడ్డి కదిలి ఇంజన్ పోతుందని. దాన్ని తీసేయకు, అలాగే వదిలేయకు కూడా. ఏళ్ల తరబడి డిటర్జెంట్ లేని ఆయిల్‌తో నడిచి, ఎప్పుడూ చాంబర్ దించని ఇంజన్‌కు ఆ భయం వర్తించవచ్చు. చాంబర్ దించి, ఆయిల్ పంపు జల్లెడ కడిగి, మొదటి ఆయిల్‌ను, ఫిల్టర్‌ను త్వరగా మార్చేస్తే ఆ భయానికి పెద్దగా చోటుండదు. షెడ్డులో విన్న ప్రతి మాటకూ అది ఏ షరతు మీద నిజమో కనుక్కుని, ఆ షరతుతో కలిపి రాయి. మేస్త్రీలు ఆ షరతును చెప్పకపోవడానికి కారణం, వాళ్ల ఎదుట బండి ఉంటుంది. నీ పాఠకుడి బండి నీ ఎదుట ఉండదు.

చివరగా, వాడిన ఆయిల్‌ను రోజూ చేతులతో తాకడం చర్మానికి హాని అనీ, దీర్ఘకాలంలో చర్మ క్యాన్సర్ ముప్పు కూడా ఉందనీ రాసి, చేతి తొడుగులు వాడమని చెప్పు. చెదలు పట్టకుండా దూలాలకూ కంచె గుంజలకూ ఆ ఆయిల్ పూయడం మన పల్లెల్లో అలవాటు, నీ వ్యాసంలోనూ దాన్ని మెచ్చుకుంటూ ఒక వాక్యం ఉంది, అది తీసెయ్యి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద వాడిన ఆయిల్‌ను అనుమతి ఉన్న రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి. మీ ఊరికి దగ్గరలో అలాంటి సంస్థ ఏదో కాలుష్య నియంత్రణ మండలి జాబితాలో చూసి, సవరించిన ప్రతిలో ఆ వివరం కూడా చేర్చి పంపు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి